మగవాడి ఛాతీలోంచి కాన్పు: ‘ఏలియన్’ భయపెట్టే పద్ధతి

1979 మే 25న అమెరికాలో విడుదలైన ‘ఏలియన్’లో శృంగార సన్నివేశం ఒక్కటి కూడా లేదు. ముద్దు లేదు, ప్రేమకథ లేదు. ‘నాస్ట్రోమో’ అనే సరుకు రవాణా నౌకలో ఏడుగురు ఉద్యోగులు జీతాల గురించీ, బోనస్ వాటాల గురించీ గొడవపడుతూ పరిచయమవుతారు. అయినా ఆ సినిమా చూస్తున్నంతసేపూ ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంటుంది. ఆ ఇబ్బందికి మూలం లైంగికమైనది. బ్రిటన్ సెన్సార్ బోర్డుకు ఈ చిక్కు అప్పుడే ఎదురైంది. నగ్నత్వం ఎంత, బూతు ఎంత, రక్తం ఎంత అని మామూలు కొలతలతో కొలిస్తే ఈ సినిమాలో అభ్యంతరం చెప్పాల్సింది పెద్దగా లేదు. కానీ సంతానోత్పత్తిని ఇది వికృతంగా చూపిస్తోందనీ, తమ శరీరాల్లో వస్తున్న మార్పులతో ఇంకా సమాధానపడని పిల్లలకు ఇది తగదనీ పరిశీలకులు భావించారు. పెద్దలకు మాత్రమే పరిమితమైన ‘ఎక్స్’ సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ పరిశీలకులు సినిమాను సరిగ్గా చదివారని ఒప్పుకోవాలి.

సైన్స్ ఫిక్షన్ హారర్ సినిమాల్లో లైంగిక ప్రతీకల గురించి మాట్లాడేటప్పుడు పొడుగ్గా ఉన్నదల్లా పురుషాంగం, గుండ్రంగా ఉన్నదల్లా గర్భాశయం అని తేల్చేయడం అలవాటైపోయింది. అలా చెబితే ఏ సినిమా గురించైనా చెప్పొచ్చు, అందుకే ఏ సినిమా గురించీ ఏమీ చెప్పినట్టు కాదు. ‘ఏలియన్’ బలం ఆకారాల్లో లేదు. ఆ ఆకారాలు కథలో చేసే పనిలో ఉంది. ఒక జీవి మనిషి నోట్లోకి గొట్టం దించి లోపల బీజం పెడుతుంది. అది కడుపులో పెరిగి ఛాతీ చీల్చుకుని పుడుతుంది. ఇది ప్రతీక కాదు, కథే. పైగా ఇదంతా జరిగేది మగవాడికి.

కథలోని చిక్కుముడి

స్క్రిప్టు రాసిన డాన్ ఓ’బానన్ అంతకుముందు దర్శకుడు జాన్ కార్పెంటర్‌తో కలిసి ‘డార్క్ స్టార్’ (1974) అనే తక్కువ ఖర్చు అంతరిక్ష హాస్యచిత్రం చేశాడు. అందులో గ్రహాంతర జీవి అంటే రంగు పూసిన బీచ్ బంతి. జనం నవ్వారు. నవ్వు కాకుండా భయం పుట్టాలంటే ఏం చేయాలన్న ప్రశ్న అక్కడే మొదలైంది. ఆ తర్వాత దర్శకుడు హోదొరోవ్‌స్కీ తీయాలనుకుని తీయలేకపోయిన ‘డ్యూన్’ కోసం పారిస్‌లో పనిచేస్తున్నప్పుడు హెచ్. ఆర్. గీగర్ అనే స్విస్ చిత్రకారుడి బొమ్మలు ఓ’బానన్ కంట పడ్డాయి. ఆ ప్రాజెక్టు కూలిపోయింది, బొమ్మలు మాత్రం బుర్రలో ఉండిపోయాయి.

రోనాల్డ్ షూసెట్‌తో కలిసి కొత్త కథ రాస్తుంటే ఒకచోట ఆగిపోయారు: ఆ జీవి నౌకలోకి ఎలా రావాలి? తలుపు తీసుకుని వచ్చినా, దొంగచాటుగా దూరినా అప్పటికే వంద సినిమాల్లో చూసిందే అవుతుంది. సిబ్బందిలో ఒకడి మొహం మీదికి దూకి లోపల బీజం నాటాలన్నది షూసెట్ ఆలోచన. ప్రకృతిలో దీనికి నమూనా ఉంది. కొన్ని రకాల కందిరీగలు బతికున్న గొంగళి పురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి, పిల్లలు దాన్ని లోపలి నుంచి తింటూ పెరిగి చర్మం చీల్చుకుని బయటికొస్తాయి. ఆ పురుగు స్థానంలో మనిషిని పెట్టారు. ఆ మనిషి మగవాడై ఉండటం అనుకోకుండా జరిగింది కాదని ఓ’బానన్ తర్వాతి కాలంలో ఇంటర్వ్యూల్లో సూటిగానే చెప్పాడు. ఆడవాళ్ల మీద రాక్షసుడి దాడి తెరకు కొత్త కాదు, హాల్లో కూర్చున్న మగవాళ్లకు అది సుఖంగానే ఉంటుంది. ఈసారి వాళ్లే కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చోవాలన్నది ఆయన ఉద్దేశం.

ఇంకో నిర్ణయం కూడా స్క్రిప్టులోనే ఉంది. పాత్రలన్నీ ఆడవాళ్లైనా మగవాళ్లైనా చేయొచ్చు అని అందులో గమనిక రాశారు. కథానాయిక రిప్లీ పాత్ర సిగోర్నీ వీవర్‌కు దక్కడానికి దారి ఇచ్చింది ఆ గమనికే. పాత్రకు లింగం ముందే అంటగట్టకపోవడం వల్ల ఎవరు బలి, ఎవరు రక్షకుడు అన్న పాత లెక్క మొదటి అరగంటలో ప్రేక్షకుడికి పనిచేయదు. ఓడలో అధికారం కెప్టెన్ డాలస్‌ది, క్వారంటైన్ నిబంధన పట్టుకుని, మొహానికి జీవి అతుక్కున్న సహచరుడి కోసం తలుపు తీయనన్నది రిప్లీ. ఆమె మాట విని ఉంటే సినిమా అక్కడే అయిపోయేది.

గుడ్డు, బోటీ, గొర్రె పేగు

దర్శకుడు రిడ్లీ స్కాట్ 1978లో ఇంగ్లండ్‌లోని షెపర్టన్ స్టూడియోలో షూటింగ్ మొదలుపెట్టాడు. అంతకుముందే గీగర్ ‘నెక్రోనమికాన్’ బొమ్మల పుస్తకం చూసి, 1976లో వేసిన ‘నెక్రోనమ్ 4’ను వేలు పెట్టి చూపించి జీవి రూపం ఇదేనని నిర్ణయించాడు. ఆ బొమ్మలో తల వెనక్కి సాగి పురుషాంగంలా ఉంటుంది. కళ్లున్నాయి. సినిమా దగ్గరికొచ్చేసరికి కళ్లు తీసేశారు. ఇది చిన్న మార్పు కాదు. చూపు ఉన్న జీవికి ఉద్దేశం ఉంటుంది, కోపమో కోరికో ఉంటుంది. కళ్లు లేనిది ఎటు చూస్తోందో, ఏం కావాలనుకుంటోందో తెలియదు. పైన అద్దంలాంటి నున్నటి కప్పు, కింద మనిషి పుర్రె ఆకారం. పళ్ల వెనక నుంచి పళ్లున్న ఇంకో దవడ కడ్డీలా దూసుకొస్తుంది. గుచ్చేది, కొరికేది రెండూ ఒకే అవయవం. ఆడ, మగ అన్న విభజనే అక్కడ చెడిపోతుంది. ఈ జీవి విషయంలో అన్నిటికన్నా భయంకరమైన సంగతి అదే.

పాడుబడిన పరాయి నౌకలో సిబ్బందికి ఎదురయ్యే గుడ్డు విషయంలో గీగర్ దాపరికం ఏమీ పెట్టుకోలేదు. మొదట చేసిన నమూనాలో పైభాగం స్పష్టంగా యోని ఆకారంలో నిలువు చీలిక. క్యాథలిక్ దేశాల్లో గొడవవుతుందని నిర్మాణ బృందం భయపడింది. గీగర్ ఆ చీలికకు అడ్డంగా ఇంకో చీలిక పెట్టాడు. పైనుంచి చూస్తే శిలువ, నాలుగు రెక్కలుగా విచ్చుకుంటుంది. అభ్యంతరం తీరింది, అసలు రూపం రెట్టింపై మిగిలింది. ప్రతీకలు ఎలా పుడతాయో తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. విమర్శకులు తర్వాత కనిపెట్టిన అర్థం కాదిది, బల్ల చుట్టూ కూర్చుని బేరమాడుకున్న అర్థం.

తెర మీద చూసే గుడ్డు ఫైబర్‌గ్లాస్‌ది. సిబ్బందిలో ఒకడైన కేన్ లైటు వేసి చూసినప్పుడు లోపల కదిలేవి రబ్బరు గ్లౌజులు తొడుక్కున్న స్కాట్ చేతులే. మూత హైడ్రాలిక్ యంత్రంతో తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక కనబడేది ఆవు పొట్ట, బోటీ. అందులోంచి ఎగిరిపడేది గాలి ఒత్తిడితో చిమ్మిన గొర్రె పేగు. గుడ్ల మీద పరుచుకున్న నీలి పొర లేజర్ కాంతి. పక్క సెట్లో ‘ది హూ’ సంగీత బృందం తమ ప్రదర్శన కోసం పరీక్షిస్తున్న లేజర్లను అడిగి తెచ్చారు. ఆ పొరను కేన్ కాలు దాటగానే ఒక శబ్దం వస్తుంది, పొర చెదురుతుంది. కన్నెపొర అన్న అర్థం చాలామంది చెప్పారు. ఆ అర్థం ఒప్పుకోకపోయినా, తాకకూడనిదాన్ని తాకాడన్న భావం మాత్రం శబ్దంతోనే తెలిసిపోతుంది.

నిజమైన మాంసం వాడటం వెనక ఒక లెక్క ఉంది. రబ్బరు ఎంత బాగా చేసినా దాని మెరుపు ఒకేలా ఉంటుంది, తడి దాని మీద నిలవకుండా జారిపోతుంది. జంతువు పేగులో సన్నటి నరాలు, కొవ్వు, మసకగా లోపలికి దిగే వెలుతురు ఉంటాయి. వంటింట్లోనో, మాంసం కొట్లోనో, పురిటిగదిలోనో ఆ తడిని మనం ఇదివరకే చూసి ఉంటాం. గుడ్డులోంచి ఎగిరి మొహానికి అతుక్కుని చచ్చిన ‘ఫేస్‌హగ్గర్’ను సైన్స్ అధికారి యాష్ వెల్లకిలా వేసి కోసే సన్నివేశంలో లోపలి భాగాలకు చేపముక్కలు, గవ్వచేపలు వాడారు. ఆ మెత్తటి మడతలు దేన్ని తలపిస్తాయో చెప్పక్కర్లేదు. ఆ జీవి పైకి చూస్తే రెండు అరచేతులు కలిపినట్టు వేళ్లు, కింద యోని. వెనక మెడకు చుట్టుకునే తోక, లోపల గొంతులోకి దిగే గొట్టం. గర్భిణి చేసే పని, మగవాడు చేసే పని, మంత్రసాని చేసే పని అన్నీ ఒక్క జీవే చేస్తుంది. కేన్‌కు ఊపిరి కూడా అదే అందిస్తుంది. బలాత్కారం చేస్తున్నదే ప్రాణం నిలబెడుతోంది. పీకితే చంపుతుంది. కోస్తే రక్తం ఆమ్లమై అంతస్తులు తినేస్తుంది. ఆమ్లం ఆలోచన డిజైనర్ రాన్ కాబ్‌ది. నిజానికి అది జీవిని వెంటనే ఎందుకు చంపరన్న కథా సమస్యకు పరిష్కారం. కానీ దాని వల్ల ఇంకో అర్థం కూడా చేరింది: ఈ గర్భాన్ని తీసేయడానికి దారి లేదు.

ఆకారం ఒక్కటే చాలదనడానికి తెలుగు నేల మీదే సాక్ష్యం ఉంది. అలంపురం మ్యూజియంలో లజ్జాగౌరి శిల్పం ఉంది. తల ఉండాల్సిన చోట తామర, కాన్పు భంగిమలో విచ్చుకున్న కాళ్లు. సంతానం కోసం ఆడవాళ్లు మొక్కుకున్న రూపం అది. గీగర్ బొమ్మల పక్కన పెడితే గీతలు చాలా దగ్గరగా ఉంటాయి. ఒకటి మంగళం, ఒకటి భయం. ఒకదానిలో ఆ శరీరం ఇస్తుంది, మరోదానిలో లాక్కుంటుంది. రాక్షస రూపంలో లైంగికత కనిపించిందని చెప్పి ఆగిపోయే విశ్లేషణ ఈ తేడా చెప్పలేదు.

భోజనాల బల్ల

ఛాతీ చీలే సన్నివేశాన్ని కాస్త దగ్గరగా చూడాలి. కేన్‌కు మెలకువ వచ్చింది, ఆకలేస్తోందన్నాడు. అందరూ నవ్వుతూ తింటున్నారు, తిండి మీద జోకులు వేసుకుంటున్నారు. లైటింగ్ తెల్లగా, ఆసుపత్రి గదిలా. అప్పటిదాకా చీకట్లో భయపెట్టిన సినిమా ఇక్కడ వెలుగులోకి వచ్చింది. దగ్గుతో మొదలై నొప్పులుగా మారుతుంది. తోటివాళ్లు అతన్ని బల్ల మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ పట్టుకుంటారు, నోట్లో చెంచా పెట్టబోతారు. ఇళ్లలో కాన్పులు చూసినవాళ్లకు ఈ దృశ్యంలో ఎవరి స్థానం ఏమిటో వెంటనే తెలుస్తుంది. తెల్లటి చొక్కా మీద ఎర్రటి మరక లేస్తుంది, ఒక్క క్షణం అంతా ఆగుతుంది. ఆ ఆగడమే అన్నిటికన్నా ముఖ్యం. వెంటనే చీలి ఉంటే అది ప్రేలుడు అయ్యేది. ఆగి మళ్లీ మొదలవడం వల్ల ప్రసవమైంది.

తీసిన పద్ధతి ఇది. కేన్ పాత్ర వేసిన జాన్ హర్ట్ తల, భుజాలు, చేతులు మాత్రమే పైకి కనబడేలా బల్ల కింద ఉన్నాడు. పైన కనబడే మొండెం కృత్రిమం, దాని నిండా రక్తం, కసాయి దుకాణం నుంచి తెచ్చిన జంతు అవయవాలు. తోలుబొమ్మను కింద నుంచి మనిషి పైకి పొడుస్తాడు. రక్తానికి ఒత్తిడి పంపులు, నాలుగు కెమెరాలు. స్క్రిప్టు చదివారు కాబట్టి ఏదో బయటికొస్తుందని నటులకు తెలుసు. రక్తం ఎటు, ఎంత చిమ్ముతుందో చెప్పలేదు. మొదటిసారి పొడిచినప్పుడు చొక్కా చిరగలేదు, బట్ట బొడిపెలా లేచి ఆగింది. తర్వాత బట్టను ముందే కోసి బలహీనం చేసి మళ్లీ తీశారు. ఏం జరుగుతుందోనని నటులు ముందుకు వంగి చూస్తుండగా రక్తపు ధార లాంబర్ట్ పాత్ర వేసిన వెరోనికా కార్ట్‌రైట్ మొహాన కొట్టింది. ఆమె వెనక్కి పడటం నటన కాదు.

పుట్టిన దాని రూపం మొదట గీగర్ గీసినప్పుడు ఈకలు పీకిన కోడిలా వచ్చి నవ్వు తెప్పించేలా ఉంది. రోజర్ డికెన్ చేసిన తుది బొమ్మలో అనవసరమైనవన్నీ పోయి నున్నటి కాడ, దాని చివర పళ్లు మిగిలాయి. స్కాట్ ఆధారంగా తీసుకున్నది చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ 1944లో శిలువ పాదం దగ్గరి ఆకారాల మీద వేసిన మూడు చిత్రాలు. అందులో మెడ సాగి చివర నోరు తెరుచుకుని అరుస్తూ ఉంటుంది. మగవాడి ఒంట్లోంచి పుట్టింది శిశువూ అదే, పురుషాంగమూ అదే. మగతనానికి గుర్తుగా చెప్పుకునేదే అతన్ని చంపి బయటికొచ్చింది. రెండు అర్థాలూ ఒకదాన్నొకటి కొట్టేయకుండా ఒకే బొమ్మలో ఇమిడాయి. ఇంత గట్టిగా కుదిరిన ప్రతీక ఈ తరహా సినిమాల్లో మళ్లీ రాలేదనే చెప్పాలి.

పెద్దదైన జీవిని లండన్‌లో చదువుకుంటున్న నైజీరియా యువకుడు బొలాజీ బడేజో వేశాడు. ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు. మనిషి రబ్బరు సూటు వేసుకున్నాడని కనిపించకూడదని స్కాట్ పూర్తి శరీరాన్ని దాదాపు చూపించడు. చెయ్యి, పళ్లు, తల వంపు, అంతే. యంత్రాలతో కదిలే తలను కార్లో రంబాల్డీ తయారుచేశాడు. దవడ చుట్టూ సాగే నరాలు చీల్చిన కండోమ్‌లు. కారే చొంగ కే-వై జెల్లీ, అంటే వైద్య పరీక్షలకూ, సంభోగానికీ వాడే జారుడు పదార్థం. ఇవి ప్రేక్షకుడికి చెప్పి చేసినవి కావు. పలచగా సాగి వెలుతురుకు మెరిసే పదార్థం కావాలంటే చేతికందినవి ఇవే. కానీ పదార్థం తన అలవాటైన వాడకాన్ని వెంట తెచ్చుకుంటుంది. నీళ్లయితే కారిపోతాయి, జిగురైతే మందంగా వేలాడుతుంది. ఆ జెల్లీ మాత్రం తీగలా సాగి ఆగి తెగుతుంది. ఆ సాగడంలోనే అసహ్యం, కోరిక కలగలిసిన భావం పుడుతుంది.

యాష్ చేతిలో పత్రిక

జీవి లేని ఒక సన్నివేశం ఈ సినిమాలోకెల్లా లైంగికంగా క్రూరమైనది. కంపెనీ ఆజ్ఞ రిప్లీకి తెలిసిపోయింది: జీవిని తేవాలి, సిబ్బంది పోయినా పర్వాలేదు. సైన్స్ అధికారి యాష్ దారికి అడ్డం నిలబడతాడు. ఆమె ముక్కులోంచి ఎర్రటి రక్తం, అతని నుదుటి మీద తెల్లటి చుక్క. అతను మనిషి కాదని మొదటి ఆనవాలు ఆ చుక్కే. గోడ నిండా నగ్న స్త్రీల బొమ్మలు అంటించిన పడక మూలలో ఆమెను పడేసి, ఒక పత్రికను గొట్టంలా చుట్టి నోట్లోకి కుక్కుతాడు. కేన్ గొంతులోకి జీవి గొట్టం దించింది, రిప్లీ గొంతులోకి యంత్రమనిషి కాగితం గొట్టం దించుతున్నాడు. రెండు దాడులూ ఒకే భంగిమ. ఎడిటింగులో ఈ పోలికను ఎవరూ నొక్కి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా లేదు. యాష్ తల ఊడిపోయాక బయటపడేది తెల్లటి ద్రవం. దగ్గరి షాట్లలో పాలు, పాస్తా, గాజు గోళీలు వాడారు.

సంస్థ, కంప్యూటర్, జీవి మూడూ ఒకే పక్షాన ఉన్నాయని ఇక్కడ తెలుస్తుంది. నౌక కంప్యూటర్ పేరు ‘మదర్’. సినిమా మొదట్లో ఆ మదరే పెట్టెల్లో నిద్రపోతున్న ఏడుగురిని తెల్లటి లోదుస్తుల్లో, రక్తం, నొప్పి లేకుండా మేల్కొలుపుతుంది. శుభ్రమైన పుట్టుక అది. తర్వాత వచ్చే రక్తపు పుట్టుకకు ఇది ఎదురుగా నిలుస్తుంది. మొదటిది చూడకుండా రెండోదాన్ని చర్చిస్తే సగమే చదివినట్టు. ఆస్ట్రేలియా పండితురాలు బార్బరా క్రీడ్ 1986 వ్యాసంలోనూ, 1993 పుస్తకంలోనూ ఇదే పట్టుకుంది. ఫ్రెంచ్ సిద్ధాంతకర్త జూలియా క్రిస్తెవా చెప్పిన అసహ్య సిద్ధాంతం (ఒంటి హద్దులను చెరిపేది ఏదైనా అసహ్యం పుట్టిస్తుందన్నది) ఆధారంగా, ఈ సినిమాలో కనబడకుండా అంతటా వ్యాపించి ఉన్నది ఆదిమ తల్లి అని వాదించింది. పాడుబడిన నౌక గోడలోని యోని ఆకారపు ద్వారాలు, లోపలి పక్కటెముకల సొరంగాలు, గుడ్ల గది అన్నీ ఆ తల్లి శరీరమే.

వాదన బలమైనదే, కానీ మొత్తం సినిమా ఇందులో ఇమడదు. ఆదిమ తల్లి అంటే ఒక మూలం, ఒక ఇల్లు. ఈ జీవికి ఆ మూలం లేదు. మొదటి సినిమాలో రాణి ఈగ లాంటిది ఎవరూ లేరు. తీసేసి తర్వాత 2003 కూర్పులో కలిపిన ఒక సన్నివేశంలో డాలస్, సిబ్బందిలోని బ్రెట్ గోడకు అంటుకుని గుడ్లుగా మారుతుంటారు. అంటే మగ శరీరమే గుడ్డవుతోంది. బిడ్డ తల్లిని పుట్టించే గొలుసు అది. తల్లి భయం కన్నా, ఎవరి శరీరమైనా దేనికైనా పనికొచ్చే పాత్రగా మారిపోగలదన్న భయమే సినిమాలో ఎక్కువ. కంపెనీ ఆజ్ఞలో సిబ్బందికి ఉన్న విలువ కూడా అంతే కదా.

సిబ్బందిలోని ఇంకో స్త్రీ లాంబర్ట్ చావు దగ్గర మాత్రం సినిమా పాత దారిలో అడుగేసింది. జీవి తోక ఆమె కాళ్ల మధ్య నుంచి పైకి పాకడం చూపించి, తర్వాత స్పీకర్లలో ఆమె అరుపులు మాత్రం వినిపిస్తూ పరిగెత్తుతున్న రిప్లీ మీదికి కెమెరా వెళ్తుంది. కేన్ విషయంలో ఎదురుగా చూపించిన దాన్ని ఆడమనిషి విషయంలో చాటు చేసి ఊహకు వదిలారు. చాటు చేయడం మర్యాద అనిపించవచ్చు. నిజానికి అక్కడే దృశ్యం ప్రేక్షకుడి కుతూహలాన్ని రెచ్చగొడుతుంది. చివర్లో రిప్లీ లోదుస్తులతో తప్పించుకునే నౌకలో ఉండటం మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. మొదటి దృశ్యంలో అందరూ అలాగే ఉన్నారు కాబట్టి అది పుట్టుకకు తిరిగి రావడమన్నది ఒక సమర్థన. కెమెరా ఎత్తు, ఆగిన తీరు చూస్తే ఆ సమర్థన పూర్తిగా నిలవదు. ఆమె అంతరిక్ష సూటులోకి ఎక్కేటప్పుడు పలికే వణుకు మాత్రం నిజం. ఒళ్లు దాచుకోవడమే ఇక్కడ ఆయుధం పట్టడం.

చదివే పద్ధతి, చెడే చోట్లు

ఒక వస్తువును లైంగిక ప్రతీక అనే ముందు నాలుగు సంగతులు చూస్తే పొరపాట్లు తగ్గుతాయి: ఆకారం పోలుతోందా, కథలో అది చేసే పని కూడా పోలుతోందా, కెమెరా దాని మీద అవసరానికి మించి ఆగుతోందా, తయారుచేసినవాళ్ల రికార్డులో దాని గురించి ఏమైనా ఉందా. గీగర్ గుడ్డుకు నాలుగూ ఉన్నాయి. గుడ్ల గది మీద ఉన్న ‘స్పేస్ జాకీ’కి మూడు ఉన్నాయి. సుమారు 26 అడుగుల శిలాజం, టెలిస్కోపు లాంటి దూలానికి అతుక్కుని ఉంటుంది, పక్కటెముకలు లోపలి నుంచి బయటికి వంగి ఉంటాయి. దాన్ని ఇంకా పెద్దగా చూపించడానికి స్కాట్ తన పిల్లలకు చిన్న అంతరిక్ష సూట్లు వేసి పక్కన నిలబెట్టాడు. అదే నాస్ట్రోమో పొడుగాటి గొట్టాలకు, గోపురాలకు ఆకారం ఒక్కటే ఉంది. అవి నౌక వెంట లాక్కెళ్లే శుద్ధి కర్మాగారానివి, అంతే. ఒక్క ఆకారంతో ఆగిన చోట ప్రతీక అని రాయకపోవడమే మంచిది.

అనుకరణలు ఎందుకు విఫలమయ్యాయో కూడా ఈ లెక్కతోనే తెలుస్తుంది. ‘హ్యూమనాయిడ్స్ ఫ్రమ్ ద డీప్’ (1980), రోజర్ కార్మన్ నిర్మించిన ‘గెలాక్సీ ఆఫ్ టెర్రర్’ (1981), బ్రిటిష్ ‘ఇన్‌సెమినాయిడ్’ (1981) ‘ఏలియన్’ నుంచి గర్భం, జిగురు, అత్యాచారం తీసుకున్నాయి. తీసుకుని మళ్లీ ఆడవాళ్ల నగ్న శరీరం మీదికే తెచ్చాయి. ‘గెలాక్సీ ఆఫ్ టెర్రర్’లో పెద్ద పురుగు ఒక స్త్రీని చంపే దృశ్యం దీనికి దిగజారిన ఉదాహరణ. అంతా తెర మీద బాహాటంగా ఉంది కాబట్టి ప్రతీకకు చోటే లేదు. భయపడాల్సిన ప్రేక్షకుడు చూసేవాడుగా మిగిలిపోతాడు. 1995 నాటి ‘స్పీసీస్’కు జీవి రూపం గీగరే ఇచ్చాడు. మగవాళ్లను వెతుక్కునే అందమైన యువతిగా దాన్ని మార్చేసరికి, గీగర్ చేయి ఉన్నా పదును పోయింది.

జాన్ కార్పెంటర్ ‘ద థింగ్’ (1982)లో ఒక్క స్త్రీ పాత్ర కూడా లేదు. డాక్టరు గుండె ఆడించడానికి విద్యుత్ షాక్ ఇచ్చే పలకలు నొక్కితే రోగి ఛాతీ నోరులా తెరుచుకుని పళ్లతో రెండు చేతులూ కొరికేస్తుంది. అందరూ మగవాళ్లే ఉన్నచోట తమలో ఎవరి శరీరం తమది కాదో అన్న అనుమానమే అక్కడ లైంగికం.

కెనడా దర్శకుడు డేవిడ్ క్రోనెన్‌బర్గ్ దారి పూర్తిగా వేరు, అందుకే పోల్చదగినది. ‘షివర్స్’ (1975) ‘ఏలియన్’ కన్నా నాలుగేళ్లు ముందు. మాంట్రియల్‌లోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో డాక్టరు తయారుచేసిన పరాన్నజీవి నోటి నుంచి నోటికి పాకుతూ అందరిలో కోరికను విప్పేస్తుంది. ప్రభుత్వ నిధులతో ఇలాంటి సినిమానా అని కెనడా పత్రికల్లో గోల జరిగింది. క్రోనెన్‌బర్గ్ దగ్గర శరీరం మీద దాడి బయటి నుంచి రాదు. ‘వీడియోడ్రోమ్’ (1983)లో జేమ్స్ వుడ్స్ పొట్ట మీద నిలువు చీలిక తెరుచుకుంటుంది, అందులోకి ఊపిరి పీల్చే వీడియో క్యాసెట్ దూరుస్తారు. పాత్ర దాన్ని భయంగా చూస్తూనే తనే వేళ్లు పెట్టి తడుముతుంది. రిక్ బేకర్ మేకప్‌లో ఆ చీలిక అంచులు గాయంలా కాకుండా పుట్టుకతో ఉన్న అవయవంలా కనబడటం ఈ భావానికి అవసరం. ‘ఏలియన్’లో కోరిక ఎక్కడా లేదు. జీవికి లేదు, యాష్‌కు లేదు. క్రోనెన్‌బర్గ్‌కు కోరికే రాక్షసి. ‘ద ఫ్లై’ (1986)లో నాయిక పీడకలలో పెద్ద పురుగును కన్నప్పుడు ప్రసవం చేసే డాక్టరుగా ముసుగు వెనక ఉన్నది ఆయనే.

‘ఏలియన్’ వారసుల్లో జేమ్స్ కామెరాన్ ‘ఏలియన్స్’ (1986) లైంగికతను పక్కనపెట్టి మాతృత్వాన్ని పట్టుకుంది. స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన రాణి గుడ్లు పెట్టే సంచితో కనబడటంతో మొదటి సినిమాలోని అనిశ్చితి తీరిపోయింది. ఇక్కడ మంచి తల్లి, చెడ్డ తల్లి పోరాడుకుంటారు. రిప్లీకి చనిపోయిన కూతురుందన్న విషయం హాల్లో విడుదలైన కూర్పులో తీసేసి, తర్వాతి పొడవు కూర్పులో పెట్టారు. ఆ ఒక్క దృశ్యంతో ఆమె చిన్నపిల్ల న్యూట్‌ను కాపాడటానికి అర్థమే మారుతుంది. కామెరాన్ సినిమా గొప్ప యుద్ధ చిత్రం. కాళ్లు ముడుచుకుని కూర్చునే భయం మాత్రం అందులో లేదు.

అది మళ్లీ కనబడింది స్కాట్ స్వయంగా తిరిగి వచ్చి తీసిన ‘ప్రొమీథియస్’ (2012)లో, అదీ ఒక్కచోట. పిల్లలు పుట్టరని తెలిసిన ఎలిజబెత్ షాకు కడుపులో ఏదో పెరుగుతోంది. ఆటోమేటిక్ శస్త్రచికిత్స పెట్టె దగ్గరికి వెళ్లి సిజేరియన్ చేయమంటుంది. ఈ యంత్రం మగ రోగులకు మాత్రమే అమర్చి ఉందని పెట్టె జవాబిస్తుంది. ఆమె మాట మార్చి, పొట్టలోని పరాయి వస్తువు తీయాలని అడుగుతుంది. అప్పుడు యంత్రం ఒప్పుకుంటుంది, లేజరుతో కోసి, చువ్వలాంటి పట్టుకారుతో లాగి, లోహపు కుట్లు వేస్తుంది. మిగతా సినిమాలో స్పేస్ జాకీ ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు అంటూ వివరణలు ఎక్కువై గీగర్ రహస్యం పలచబడింది. కానీ ఈ నాలుగు నిమిషాల్లో ఏ ఆకారమూ దేన్నీ పోలాల్సిన పని రాలేదు. ఒక యంత్రం అమరిక, దాని జవాబు, ఆమె మార్చి చెప్పిన వాక్యం, వీటితోనే పని జరిగిపోయింది.